కార్డుకు బొట్టు

మా నాయనకు ధర్మవరంలో పట్టుచీరల అంగడి. హిందూపురంలో కంప్యూటర్ కోర్సు చదివి పెనుకొండలోని మా ఇంటికొచ్చిన నాకు మా ఊళ్లోనే రిపేరు అంగడి పెట్టాలని ఆశ. నాయన ఒప్పుకోడు. అప్పుడే బెంగళూరులో ఎవరో ఆయనకు అరచేతిలో ఇమిడే కంప్యూటరొకటి అంటగట్టారు.

"అంగడి కంప్యూటర్లో ఉండే చీరల ఫోటోలు వైరు లేకుండా దీంట్లో కనపడాల. ఆయుధపూజ నాటికి చూపించినావంటే పెనుకొండలో నీ అంగడి. లేదంటే నా పక్కన కూచోని చీరలు మడుస్తాండు," అన్నాడు.

ఆ రోజుల్లో ఈ బుల్లి కంప్యూటర్లకు వైర్‌లెస్ కార్డు విడిగా కొని గుచ్చాలి. మొదట తెచ్చింది ల్యాప్‌టాప్ కార్డు. దాన్ని దూర్చబోవడం ఎనుమును కోళ్లగూట్లోకి తోలడమే అయింది. రెండోది చక్కగా దూరింది కానీ, దాని సాఫ్ట్‌వేర్ వేరే రకం యంత్రానిది. మాది దాని మొహం కూడా చూడలేదు. డబ్బా మీద మా కంప్యూటర్ పేరు చదువుకుని మరీ కొన్న మూడోదే పలికింది. సిగ్నల్ ఇచ్చే పెట్టెను హిందూపురంలో నేను చదివిన చోట అరువు తెచ్చి, పూజకు ముందురోజు ధర్మవరం అంగట్లో బిగించాను. ఫోటోలు వచ్చాయి. నాకు ఒళ్లు తెలియని సంతోషం.

మర్నాడు పూజయ్యాక, చుట్టాలూ మగ్గాల వాళ్లూ చూస్తుండగా బుల్లి కంప్యూటర్ తెరిచాను. కార్డు లేదంది. కంగారులో దానివంక చూడకుండానే పెరికి మళ్లీ గుచ్చాను. మళ్లీ లేదంది.

"ఏమప్పా, అలిగిందా?" అని నాయన ఒక చీర తెచ్చి నా ఒళ్లో పడేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మడవడం మొదలుపెట్టాను.

"బొట్టు గూడా పెట్టినా కదరా, ఇంకేం రోగం దానికి?" అంది పొద్దున పూజ చేసిన మా అవ్వ.

నా చెయ్యి ఆగింది. "యాడ పెట్టినావవ్వా?"

"పైన పెడితే జారిపోతాండాది. అందుకే బయటికి పెరికి, కొసన చిన్న చిన్న బొక్కలుండాయే, ఆడ మెత్తినా."

పక్కంగట్లో టూత్‌బ్రష్ కొనుక్కొచ్చి, ఎండిన పసుపూ కుంకుమా గీకి గీకి ఊదాను. కార్డు మీద పచ్చలైటు వెలిగింది. చీరలు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి. అవ్వ అందరినీ చూసి, "బొట్టంటే ఏమనుకున్నారు," అంది. నేను టూత్‌బ్రష్ జేబులో దాచుకున్నాను.

నాయన మాట తప్పలేదు. మొహం గంటు పెట్టుకునే అంగడి పెట్టించాడు. నెలల తరబడి నేను ఈగలు తోలాను. ఆయన రోజూ రాత్రి భోజనాల దగ్గర, "ఎవరన్నా వచ్చినారా?" అని అడిగేవాడు. ఆ మాటకు అన్నం సహించేది కాదు.

మరుసటేడు ఆయుధపూజ అయిన తెల్లారి అంగడి తలుపు తీసేసరికి మెట్ల మీద జనం. మౌసులు, కీబోర్డులు, ఫ్లాపీ డ్రైవులు, అన్నీ పసుపు పూసుకుని వచ్చాయి. మా ఊరికి ఇంత భక్తి ఎప్పుడు పుట్టిందో నాకు అంతుపట్టలేదు. ముందున్న పెద్దాయననే అడిగాను.

"మీ నాయనే కదప్పా," అన్నాడాయన కీబోర్డు చేతికిస్తూ. "మొన్న అంగడంగడికీ వచ్చి చెప్పినాడు. కంప్యూటర్‌కు పైపైన పెడితే లెక్కకు రాదంట, బొక్కలుండే కాడ బాగా మెత్తల్లంట."