బాత్రూం చూసి ఎంచిన కాలేజీ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నా నేనేమీ అనుకోను. మధ్యలో నెత్తి మీద నుంచి విమానం పోతే మాట ఆపుతాను, అది పోయాక ఎక్కడ ఆపానో అక్కడే అందుకుంటాను. శంషాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లం అందరం ఇట్లాగే మాట్లాడతాం. నాకు చదువు తొమ్మిదో తరగతితో ఆగింది గానీ జ్ఞాపకం ఆగలేదు. ఎవరు ఏ రోజు ఏ రంగు చీర కట్టుకుని ఏ మాట అన్నారో అడగండి, చెబుతాను. అది వరమంటారు అందరూ. మరిచిపోవాలనుకునే సంగతి ఒకటి ఉన్నప్పుడు అది ఎంతటి వరమో, ఇది విన్నాక మీరే చెప్పండి.

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, ఓ ఏడెనిమిదేళ్ల కిందట, మా గల్లీలో లోకం చూసిన మనిషిని నేనొక్కదాన్నే. నా వయసు ఇరవై రెండు, నా కొలువు ఎయిర్‌పోర్టులో. (ఏం కొలువని ఎవరూ అడిగేవారు కాదు, నేనూ చెప్పేదాన్ని కాదు. ఆడవాళ్ల బాత్రూములు శుభ్రం చేసే కొలువు.) మెడలో కార్డు వేసుకుని గల్లీలోంచి నడుస్తుంటే పెద్దవాళ్లు కూడా పక్కకు జరిగేవారు. దుబాయికి పోయేవాడు పచ్చడి సీసా సంచిలో పెట్టుకోవచ్చా అని ఒకరు, పాస్‌పోర్టులో ఫొటో పాతబడితే ఏమవుతుందని ఇంకొకరు మా ఇంటికే వచ్చి అడిగేవారు. తెలిసినా తెలియకపోయినా చెప్పేసేదాన్ని. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ మెడలోని కార్డు నుంచే.

అట్లాంటి రోజుల్లో మా చెల్లెలు ఇంటర్ మంచి మార్కులతో పాసయింది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కబోయే మొదటి మనిషి అది. బాపు మామిడిపల్లి దగ్గర ఒక ఫంక్షన్ హాలుకు కాపలా ఉండేవాడు, కాలేజీల సంగతి ఆయనకేం తెలుస్తుంది. "నాకేం ఎర్క బిడ్డా, అక్క ఎయిర్‌పోర్టుల చేస్తది, అక్క ఏడ చెప్తే ఆడ చేరు" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆన్‌లైన్‌లో కాలేజీల పేర్లు వరుసగా పెట్టాలట, ముందు పెట్టిన కాలేజీకి ముందు అవకాశమట. ఆ వరుస నా చేతికొచ్చింది. చెల్లెలి మనసులో ఉన్నది పట్నంలోని సర్కారు ఆడపిల్లల కాలేజీ. నేను మాత్రం, కళ్లతో చూడనిదే ఏ కాలేజీ పేరూ పెట్టేది లేదని పట్టుబట్టాను. వారపు సెలవు నాడు ఇద్దరం బయల్దేరాం.

సర్కారు కాలేజీలో అడుగుపెట్టగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, బాత్రూం ఎక్కడ అని. (నవ్వకండి. బంగారం పనివాడు పెళ్లికి పోతే ముందు మెడలే చూస్తాడు కదా.) నేల నిండా తడి. ఒక తలుపుకు గడియ లేదు, దాని బదులు లోపల ఉన్న పిల్ల పాట పాడుతోంది. బకెట్ చెవి విరిగి తీగతో కట్టి ఉంది. ఏడెనిమిది మంది పిల్లలు వరుసలో నిలబడి ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతుంటే, చీపురు పట్టుకున్న ఆయమ్మ తిడుతోంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసరికి చెల్లెలు కనపడలేదు. వెతికితే ల్యాబు గదిలో ఉంది. గుమ్మంలో తొంగిచూస్తుంటే ఎవరో మేడం లోపలికి పిలిచి మైక్రోస్కోపు చూపించిందట. నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "అక్కా, ఉల్లిగడ్డ పొరల గదులు గదులు ఉన్నయే, ఇటుకలు పేర్చినట్టు. ఆ మేడం నా పేరు గిట్ల అడగకుండనే చూడమన్నది" అంది. అప్పుడు దాని ముఖం ఎట్లా ఉందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నేను అన్న మాట కూడా వినిపిస్తుంది. "అది సరే గానీ, ఆ బకెట్ చూసినవా?" అన్నాను.

మధ్యాహ్నం శ్రీశైలం రోడ్డు వైపు కొత్తగా వెలసిన ప్రైవేటు కాలేజీకి పోయాం. ముందంతా అద్దాలే. టై కట్టుకున్న సారు ఒకాయన ఎదురొచ్చి మజ్జిగ ఇప్పించాడు. నేను బాత్రూం అడగ్గానే ఒక్క క్షణం తడబడి, తర్వాత తానే ముందు నడిచి తలుపు తీసి చూపించాడు. అయ్యో, ఏం చెప్పను. నేల పొడిగా తళతళమంటోంది. అద్దం ఎంత కొత్తదంటే మూలన దుకాణం చీటీ ఇంకా అంటుకునే ఉంది. గులాబీ రంగు సబ్బు, సగం కాగితం తీసి సగం ఉంచినది. తలుపు వెనక, మా ఎయిర్‌పోర్టులో ఉన్నట్టే, గంటగంటకూ కడిగినట్టు సంతకాలు పెట్టే కాగితం. దాన్ని చూడగానే నాకు పుట్టింటివాళ్లు ఎదురైనంత సంబరమైంది. కాగితంలో సాయంత్రం ఐదు దాకా సంతకాలున్నాయి. మేం పోయినప్పుడు మూడు కూడా కాలేదు. ఆ సంగతి కళ్లు చూశాయి, బుర్ర చూడలేదు. పెద్ద ఆఫీసర్లు వస్తున్నారంటే మేము కూడా అట్లాగే ముందస్తుగా సంతకాలు కొట్టి, కొత్త సబ్బు పెట్టి, ఆ కాసేపు ఎవరినీ లోపలికి పోనిచ్చేవాళ్లం కాదు. నా పనే నా ముందు పెట్టి చూపిస్తే, చప్పట్లు కొట్టి వచ్చాను.

ఇంటర్నెట్ సెంటర్‌లో వరుస పెట్టేటప్పుడు చెల్లెలు మెల్లగా అడిగింది, సర్కారు కాలేజీ ముందు పెట్టి ఇది తర్వాత పెడితే ఏమైతుందక్కా అని. "రోజుకు వెయ్యి మంది వచ్చే బాత్రూములు చూస్తున్న నేను. నాకే చెప్తవా?" అన్నాను. అద్దాల కాలేజీ పేరే ముందు పెట్టించాను. అద్దాల కాలేజీలో సీటొచ్చింది.

ఇగ నా తయారీ చూడాలి మీరు. గిన్నెల మీద పేర్లు చెక్కే ఆయన దగ్గరికి పోయి, కొత్త స్టీలు నీళ్ల సీసా మీద దాని పేరు, కాలేజీ పేరు, గ్రూపు పేరు అన్నీ చెక్కించాను. (ఆయన చోటు చాలదమ్మా అంటే, అడుగున చెక్కమన్నాను.) ఇంగ్లిషు కూడా నేర్పాను. నాకు వచ్చిన ఇంగ్లిషంతా తడి నేల గురించే. వెల్కం మేడం, స్లోగా నడవండి ప్లీజ్, ఫ్లోర్ వెట్. మొదటి రోజు పొద్దున ఆ మూడు ముక్కలూ నాకు అప్పజెప్పి, సీసా సంచిలో పెట్టుకుని, చెల్లెలు కాలేజీ బస్సెక్కింది.

సాయంత్రం సీసా నిండుగా వెనక్కి వచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆ నీళ్లు నేనే తులసి కోటలో పోసేదాన్ని. పోస్తూ పోస్తూ పక్కింటి వదినతో గొప్పలు పోయేదాన్ని, "మా దాని కాలేజీల చల్ల నీళ్ల మిషన్ ఉన్నదట వదినా, ఇంటి నీళ్లు దానికి ఆనుతలేవు" అని. అట్లాంటి మిషన్ ఉందని చెల్లెలు ఎప్పుడూ చెప్పలేదు. నేనే పెట్టాను ఆ మిషన్‌ను, నా మాటలతో.

మూడు నెలలకు చెల్లెలికి చలిజ్వరం, పొత్తికడుపులో నొప్పి. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ అన్నీ చూసి, రోజుకు ఎన్ని నీళ్లు తాగుతావమ్మా అని అడిగింది. పొద్దున ఒక గ్లాసు, ఇంటికొచ్చాక రెండు అంది చెల్లెలు. మరి కాలేజీలో?

"తాగితే పోవాలె గద మేడం. పోవుడు ఏడికి? తాళం ఉంటది."

నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఆ స్టీలు సీసా పట్టుకుని. అంత బరువు నేను ఎయిర్‌పోర్టులో ఏ బకెట్‌లోనూ మోయలేదు. ఇంటికొచ్చాక, నాకెందుకు చెప్పలేదే అని అడిగాను. "బాత్రూం చూసే గదా అక్కా చేర్పిచ్చినవ్. అండ్ల అద్దం ఉన్నదని సంబురపడ్డవ్. ఎట్ల చెప్పాలె" అంది, గోడవైపు తిరిగి పడుకుని.

మర్నాడు పొద్దుటి డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చకుండా ఆ కాలేజీకి పోయాను. నా యూనిఫాం చూసి వాచ్‌మన్ తాత ఏమీ అడగలేదు. "కొత్తగ వచ్చినవా బిడ్డా? మనిషిని పంపుమని చెప్పి చెప్పి నా నోరు పోయింది" అంటూ చెక్క ముక్కకు కట్టిన తాళంచెవి నా చేతిలో పెట్టాడు. తలుపు తీశాను. నేల పొడిగా ఉంది. దాని మీద దుమ్ము. అద్దం మూల అదే చీటీ. సబ్బు అదే, గులాబీది, సగం కాగితంతో, ఎండి పగిలి. తలుపు వెనక కాగితం మీద మేం వచ్చిన రోజు తారీఖే. సాయంత్రం ఐదు దాకా సంతకాలు. పిల్లలకు పోవడానికి బావి పక్కన రేకుల గది ఒకటి ఉందట, దానికి తలుపు ఉందిగానీ నీళ్లు లేవు.

టై సారు పరుగున వచ్చాడు. ఆయనది మా పక్క మాట కాదు, ఎంత తిడుతున్నా మర్యాదగానే ఉంటుంది. "ఆడపిల్లలు పాడుచేసేస్తున్నారమ్మా. రేపు ఇన్‌స్పెక్షన్ వాళ్లొస్తే మేం ఏం చూపించాలి?" అన్నాడు.

"బాత్రూం పాడుగాకపోతే ఏమైతది సారూ? పొద్దుమూకి దీపం పెడ్తరా అండ్ల?"

ఆయనకు కోపం రాలేదు. నన్ను కిందికీ మీదికీ చూసి, "మీకు అనుభవం ఉన్నట్టుంది. మా దగ్గరే చేరకూడదూ? మీ చెల్లెలితో పాటు బస్సులోనే వచ్చేయొచ్చు" అన్నాడు. నిజం చెబుతున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, గేటు దాకా నడుస్తూ ఆ మాట ఆలోచించాను. చేరితే కనీసం ఆ తాళం తీసి ఉంచొచ్చు కదా అనిపించింది. బస్సెక్కాక చూసుకుంటే తాళంచెవి నా జేబులోనే ఉంది. ఇవ్వడం మరిచానా అంటే, నేను ఏదీ మరిచే మనిషిని కానని చెప్పాను కదా. మర్నాటికల్లా వాళ్లు కొత్త తాళం వేశారు. మూడు నెలలుగా తాతకు దొరకని మనిషి, తాళం మార్చడానికి ఒక్క రోజులో దొరికాడు.

సీటు మార్చుకుందామంటే ఈ ఏడాది పోయినట్టేనని ఇంటర్నెట్ సెంటర్ అతను చెప్పాడు. చెల్లెలు ఒప్పుకోలేదు. ఒక్క ఏడాది ఇంట్లో ఉంటే బాపు మళ్లీ పంపడని దాని భయం, అది అబద్ధం కూడా కాదు. మూడేళ్లూ అక్కడే చదివింది. ల్యాబు ఎట్లా ఉందే అని ఒకసారి అడిగాను. "మైక్రోస్కోపు ఉన్నదక్కా. అది గూడ నీ బాత్రూం లెక్కనే. బట్ట కప్పి పెట్టిండ్రు" అంది. నన్ను అది పొడిచిన మాట ఆ ఒక్కటే. ఇప్పుడు రక్తపరీక్షల సెంటర్‌లో కౌంటర్ దగ్గర పేర్లు రాసుకుంటుంది. లోపలి గదిలో మైక్రోస్కోపు ఉంది, దాని ముందు వేరే ఎవరో కూర్చుంటారు.

మొన్న పక్కింటి వదిన కూతురికి డిగ్రీలో సీటు చూసుకునే వేళ వచ్చింది. తల్లీకూతుళ్లు అలవాటు కొద్దీ నా దగ్గరికే వచ్చారు. నేను కార్డు తీసి పక్కన పెట్టి (ఇంకా అదే కొలువు, ఇప్పుడు నా కింద నలుగురు) పిల్లలు వాడే బాత్రూం తడిగా ఉంటుందని, పొడిగా తళతళలాడితే నమ్మొద్దని మొదలుపెట్టాను. చెల్లెలు అప్పుడే పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. "అవన్ని ఎందుకక్కా" అని ఆ పిల్ల వైపు తిరిగింది. "సాయంత్రం కాలేజీ బస్సు ఆగే కాడ నిలబడు చెల్లె. దిగే ఆడపిల్లల సీసాలు జర లేపి చూడు. నిండుగ ఉంటే ఆ కాలేజీ వద్దు."

అందరం నవ్వాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను, ఆ మెడలో కార్డు వేసుకుని అద్దం మూల చీటీ చూసి మురిసిపోయిన ఇరవై రెండేళ్ల పిల్లను తలుచుకుని. తర్వాత ఎప్పట్లాగే చెల్లెలి సంచి సర్దుతూ సీసా బయటికి తీశాను. అది పనిచేసే చోట బాత్రూం మంచిదే, తాళం కూడా ఉండదు, నేను పోయి చూసి వచ్చాను. అయినా సీసా నిండుగానే ఉంది. అడుగున చెక్కించిన గ్రూపు పేరు కూడా చెరగలేదు. ఆ నీళ్లు తీసుకుపోయి తులసి కోటలో పోశాను.

ఇగ లేవండి, పొద్దుపోతోంది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంటి పొయ్యి మీద గిన్నె నిండుగా ఉండాలి, గాదె నిండుగా ఉండాలి, ఒళ్లు నిండుగా ఉండాలి. మీ ఇంటి ఆడపిల్లల నీళ్ల సీసాలు మాత్రం పొద్దూకేసరికి ఖాళీగా ఇంటికి రావాలి.