రంగనాథం పెదనాయన ముందస్తు పరామర్శలు

మా రంగనాథం పెదనాయన ఎవరినైనా పరామర్శించడానికి ప్రమాదం జరిగేదాకా ఆగడు. ముందే వస్తాడు. చేతిలో సంచి, సంచిలో సాత్తుకుడి పళ్లు, అదే బత్తాయిలు, మొహంలో ఆస్పత్రి వరండా.

వాషర్‌మెన్‌పేట్‌లో మా పక్క పోర్షన్ ఆయనది. దుప్పట్ల హోల్‌సేల్ కొట్టు. ఎదురింటి యువరాజ్ కొత్త బండికి పూజ చేయిస్తుంటే, కర్పూరం ఆరకముందే వెళ్లి అతని భుజం పట్టుకుని, "ధైర్యంగా ఉండప్పా. కాలు పోయినోళ్లు కూడా బతకతా ఉండారు" అన్నాడు. యువరాజ్ ఆ పూట బండిని నెట్టుకుంటూ వెళ్లాడు. మేడ మీద పోర్షన్ రాజశ్రీ పెళ్లిలో అక్షింతలు వేస్తూ, "ఏదన్నా జరిగితే మేముండాం తల్లీ" అంటే పెళ్లికొడుకు పీటల మీదే బిక్కచచ్చిపోయాడు.

ఇక నా సంగతి. నాకు మనుషుల కంటే పుస్తకాలు నయం, పుస్తకాల కంటే పరుగు నయం. ఎమ్మే చదివినన్నాళ్లూ తెల్లవారుతూనే కాశిమేడు దాకా పరుగెత్తి, పడవలు ఒడ్డుకు రావడం చూసి వచ్చేదాన్ని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని సంతోషం నాకు అదొక్కటే. ఈ వానల్లో డాక్టరు నా మోకాలి ఎక్స్‌రే చూసి, "ఇక పరుగు వద్దు. కావాలంటే సైకిలు తొక్కు" అన్నారు. చాలా రోజులు గదిలోంచి కదల్లేదు. కిటికీ అవతల వాన, ఇవతల నేను.

చివరికి సన్నటి టైర్ల రోడ్డు సైకిలు కొన్నాను. దాన్ని గోడకు ఆనించీ ఆనించకముందే సాత్తుకుడి సంచి వచ్చేసింది.

"ఏ చెయ్యి పాపా?" అన్నాడు పెదనాయన, కుర్చీ లాక్కుని.

"ఏ చెయ్యేంటి?"

"విరగబొయ్యేది."

"నేనింకా ఎక్కనే లేదు పెదనాయనా!"

"అందుకే ఇప్పుడొచ్చినా. ఎక్కినాక అయితే ఆస్పత్రిలో లోపలికి విడవరు." టైరును రెండు వేళ్లతో నొక్కి చూశాడు. "ఇది చక్రమా, గాజా? ఈడ గుంతలో దిగితే ఆడ తొండియార్‌పేటలో తేలుతావు."

గోడ అవతల నుంచి సత్యభామ పెద్దమ్మ అరిచింది. "ఆ బిడ్డని బెదిరించబాకయ్యా!"

మర్నాడు వీధి చివర వాననీళ్ల కింద గుంత కనబడక పడ్డాను. చెయ్యి విరగలేదు, మోచేయి గీరుకుపోయిందంతే. కానీ ఇస్త్రీ బండి చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. సైకిలు నెట్టుకుంటూ వస్తే పెదనాయన గుమ్మంలో పండు వలుస్తూ కూర్చున్నాడు.

"ఏ గుంత?"

"ఇస్త్రీ బండి దగ్గరిది."

"ఏ దోవన పోదామని?"

"కాశిమేడుకి. ఇక పోను. అమ్మేస్తాను."

"ఆ దోవలో ఇంకా శానా ఉండాయి" అన్నాడు, చుట్టాల చావు కబురు చెప్పినట్టు.

తర్వాత వారమంతా మబ్బే. నేను గడప దాటలేదు. రోజూ వినబడేది పెద్దమ్మ గొంతొక్కటే: "ముగ్గుపిండి డబ్బా మళ్లీ ఖాళీ! ఎవురయ్యా తింటా ఉండేది?"

సైకిలు చూడ్డానికి ఆదివారం వస్తామని ఎవరో అన్నారు. ఆ తెల్లవారుజామున, ఇచ్చేసేముందు ఒక్కసారి సముద్రం చూద్దామనిపించింది. ఇస్త్రీ బండి దగ్గర బ్రేకు పట్టుకున్నాను. గుంత అక్కడే ఉంది. దాని చుట్టూ తెల్లగా ఒక గీత. తప్పించుకుని వెళ్లాను. తర్వాతి గుంతకూ గీత. మలుపులో ఇంకోదానికీ. చీకట్లో అవి ఒక్కొక్కటే మెరుస్తుంటే, వాటి పక్కనుంచి భయం లేకుండా పోతున్నాను. గుంతలకు ముగ్గులేమిటా అనుకుంటూనే కాశిమేడు దగ్గరికి వచ్చేశాను.

అక్కడ, చిన్న తుంపరలో, మోపెడ్ స్టాండు వేసి, పంచె ఎగ్గట్టి, చంకలో గొడుగు ఇరికించుకుని, పెదనాయన వంగి ముగ్గు వేస్తున్నాడు. గుంత పెద్దది. ఆ ముగ్గుకు చుట్టూ పూరేకులు కూడా పెట్టాడు.

"పెదనాయనా!"

ఉలిక్కిపడి లేచాడు. "ఇంత పెందలకాడే ఏంది పాపా?"

"రోజూ వేస్తున్నావా?"

"వాన తుడిచేస్తా ఉంటే ఏం చేసేది?"

"నేను రోజూ రావట్లేదు కదా."

"ఏ రోజు వస్తావో నాకెట్ట తెలుస్తాది?"

ఆయన చేతులు దులుపుకుని ఎప్పటి మొహం పెట్టాడు. "పో. ముందర ఇంకా ఉండాయి. పిండి చాల్లేదు. ఆడ పడతావు."

వెళ్లాను. పడవలు వచ్చేదాకా చూశాను. తిరిగొచ్చేసరికి మోపెడ్ మీద కూర్చుని సాత్తుకుడి వలుస్తున్నాడు.

"పడలా?"

"లేదు."

నిజంగానే ఆయన మొహం చిన్నబోయింది. పండు వైపు చూశాడు, నా మోచేతి వైపు చూశాడు. సగం నా చేతిలో పెట్టి, మిగతా సగం తానే నోట్లో వేసుకుని అన్నాడు.

"సరి, రేపు చూద్దాం."