ముందు పని, తర్వాత తాళం: నాంపల్లి, ఆబిడ్స్ మీదుగా నా ప్రయాణం

నా పేరు కనకమ్మ. డెబ్బై దాటినయి. ఇంట్లో నేను, కోడలు సరోజ, దాని ఇద్దరు పిల్లలు ఉంటాం. గోదావరి ఒడ్డున, కరెంటు ప్లాంటు గేటు పక్క కాలనీ మాది. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే సరోజ ఫోన్లో రాస్తోంది. మాలాగా బొగ్గు ఊళ్ల నుంచి హైదరాబాద్ వెళ్లి గోడు చెప్పుకోవాలనుకునే వాళ్ల కోసం ఇది.

బొగ్గు కరెంటు తగ్గించి ఎండ కరెంటు, గాలి కరెంటు పెంచాలని దేశం మొత్తానికి ప్రణాళిక రాస్తున్నారట. అందులో మా పాత ప్లాంటును మూసే మాట ఉంది. జనం ఏమంటారో వినడానికి ఢిల్లీ నుంచి కమిటీ బషీర్‌బాగ్‌కు వచ్చింది. పర్మనెంటు వాళ్లను వేరే చోటికి మారుస్తారు. సరోజ కాంట్రాక్టు మనిషి, బూడిద ఎత్తే పని. దానికి మాత్రం గేటు దగ్గర ‘రేపట్నుంచి రావద్దు’ అంటే అయిపోయె. అట్లని ప్లాంటు ఉండాలని నేను ఏనాడూ అనను. నా కొడుకు ఆ బూడిదలోనే పనిచేసి ఊపిరాడక పోయిండు. మూయండి. కానీ మూసే ముందు ఈ పిల్లకు వేరే పని చూపించండి. నా కేసు ఇంతే.

తెల్లారకముందే మొదటి ఆర్టీసీ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు పైసలు అక్కర్లేదు, ఆధార్ కార్డు మరిచిపోకండి. పదకొండు గంటల ప్రాంతంలో ఇమ్లీబన్ బస్టాండులో దిగి మెట్రో పట్టుకున్నాను. అక్కడి నుంచి మూడో స్టేషన్ నాంపల్లి. మోకాళ్ల నొప్పులుంటే మెట్ల జోలికి పోకండి, లిఫ్టు ఉంది. ఒంటిగంట లోపల అర్జీ ఇచ్చినవాళ్లనే మాట్లాడనిస్తారని ముందే తెలుసు. నాంపల్లి కోర్టుల దగ్గర కంప్యూటర్ పెట్టుకుని అర్జీలు కొట్టేవాళ్లుంటారు. అట్లా ఒకతని ముందు కూర్చున్నాను.

“ఏ ఊరమ్మా? ఓ, ప్లాంటు సంగతేనా! పొద్దట్నుంచి మీ ఊరోళ్లయే కొడుతున్న” అన్నాడు. నేను చెప్తుంటే తల ఊపుకుంటూ టకటకా కొట్టి, ఇంకు డబ్బా ముందుకు జరిపాడు. నాకొక అలవాటుంది. రాసిన మనిషి చదివితే నమ్మను, వేరే మనిషి చదివి వినిపించాలి. అప్పుడే వేలిముద్ర వేస్తాను.

“గిప్పుడు ఇంకో మనిషిని ఏడికెల్లి తెస్తవమ్మా? టైం పోతది” అని విసుక్కున్నాడు. వేలు ముడుచుకుని, కాగితం తీసుకుని ఆటో ఎక్కాను. బషీర్‌బాగ్‌కు ఆటో అబ్బాయి వంద అడిగి ఎనభైకి ఒప్పుకున్నాడు. అప్పటికే పన్నెండు దాటింది. ఆబిడ్స్ సిగ్నల్ దగ్గర బండ్లు కదలట్లేదు.

“బిడ్డా, నీ పేరేంది? తెలుగు చదవొస్తదా?”

“యాదగిరి. టెన్త్ దాకా చదివిన గదమ్మా, ఇటియ్యి.” చదివాడు: “మా ప్లాంటును ఎట్టి పరిస్థితుల్లోనూ మూయరాదని కోరుతున్నాము...”

“ఏంది? మళ్ల చదువు.”

“మూయరాదనే ఉందమ్మా.”

“కాంట్రాక్టోళ్ల మాట?”

“ఏడ లేదు.”

నా ఒళ్లు మండింది. “తిప్పు ఆటో.”

“ఒంటిగంటకు గేటు మూస్తరంటివి గదా!”

“ఇట్లనే వేలు వేస్తే గదే నా మాట అయితది. తిప్పు.”

“మా అమ్మ గూడ గిట్లనే. ఎదురు చెప్తే బువ్వ పెట్టది” అని గొణుక్కుంటూనే తిప్పాడు.

టైపు అతను నన్ను చూసి లేచి నిలబడ్డాడు. “మీ ఊరోళ్లందరూ మూయొద్దనే అన్నరు. నువ్వు గూడ గదే అంటవనుకుని పొద్దటి కాగితంల పేరు మార్చిన.”

“నా నోరు నీ ముందల్నే ఉండె గదా, చెవులేడ పెట్టినవ్?”

లైను లైనుకూ యాదగిరి చదివాడు, అతను మళ్లీ కొట్టాడు. వేలు వేశాను. సాక్షిగా యాదగిరి సంతకం పెట్టాడు. బషీర్‌బాగ్ చేరేసరికి వాచ్‌మన్ గేటు లాగుతున్నాడు. యాదగిరి ఆటో ముందు చక్రం సందులో పెట్టి, “ఇంకా ఒంటిగంట కాలే అన్నా, జర చూడు” అన్నాడు. నేను లోపలికి దూరి అర్జీ ఇచ్చాను. నా వంతు రాగానే మైకు చేతికిచ్చారు.

“రెండు నిమిషాలమ్మా. ప్లాంటు మూయాలంటారా, వద్దంటారా?” అన్నాడు కమిటీలో తెలుగు వచ్చిన పెద్ద ఆఫీసరు.

“ముందు పని సారూ, తర్వాత తాళం. బూడిద చెరువు మీద సోలార్ ప్లేట్లు పెడతరట గదా, ఆ పని మా కాంట్రాక్టోళ్లకు నేర్పుండ్రి. సరోజకు పని దొరికిన్నాడు తాళం నేనే తెచ్చిస్త.”

వెనక నుంచి మా ఊరాయన అరిచాడు: “కనకవ్వా, ఊరి పరువు తీస్తున్నవ్!”

“నా కొడుకును తెచ్చియ్యి, నీ పరువు నేను మోస్త.”

ఆఫీసరు ఏదో రాసుకున్నాడు. “ఏం రాసినవో చదువు సారూ” అన్నాను. పక్కవాళ్లు నవ్వారు, ఆయన నవ్వలేదు. “కాంట్రాక్టు కార్మికుల ఉపాధిని పరిశీలించాలి” అని చదివాడు. “పరిశీలించుడు కాదు. మూసే ముందు ఇయ్యాలె.” కొట్టేసి మళ్లీ రాశాడు. పక్కనున్న మేడంతో చదివించుకున్నాకే మైకు వదిలాను.

ఆ మాట ప్రణాళికలో నిలుస్తుందో లేదో నాకు తెలియదు. తిరుగు బస్సులో అదే ఆలోచన. నా ఒక్క కాగితమే ఒక పూటలో తలకిందులైంది. దేశానికి రాసే కాగితంలో మా మాట ఎట్లా మారుతుందో! అది పూర్తయినాక మా ఊరికి తెచ్చి, మా గేటు ముందు నిలబడి చదవాలి. అప్పటిదాకా మా వేలు పడ్డట్టు కాదు. మీరు వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకోండి: అర్జీ నాంపల్లిలో కాదు, ఇంటి దగ్గరే రాయించుకుని, రాయని మనిషితో చదివించుకుని బస్సెక్కండి.

ఇది పక్కింటి రజిత చదవగా విని వేసిన నా ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: రాసింది సరోజ, కోడలు. చదివింది రజిత, పక్కిల్లు.