జెర్సీ మీద నాన్నగారి పేరు

మొన్న పాలకొల్లులో స్కూటరు కడిగించడానికి ఆగితే, మెకానిక్ బండి తుడుస్తున్న మెరూన్ రంగు గుడ్డ మీద తెల్లటి ఏడో నంబరు కనిపించింది. చూడగానే గుర్తుపట్టాను. అది అతికించింది మా పిన్ని. బస్టాండు వెనక ఆవిడకి చిన్న జెర్సీల కొట్టు ఉండేది. గుడ్డ మీద అక్షరాలు వేడితో అతికించే హీట్ ప్రెస్ మెషీనుకి రోజూ బొట్టు పెట్టి మరీ స్విచ్చి వేసేది. ఆఫీసుకి సెలవు పెట్టి చూడ్డానికి వెళ్లినా సరే, అక్షరాల మీది ప్లాస్టిక్ పొర ఒలిచే పని నాకు అప్పగించేది. “చల్లారేదాకా ముట్టుకోకు, అతుకు నిలవదు” అని రోజంతా తిట్లే.

కొన్నేళ్ల కిందట నేనలా వెళ్లిన ఒక రోజు మొగల్తూరు ఆడపిల్లల కబడ్డీ జట్టు ఆటకి వెళుతూ, వ్యాను బయట ఆపి కొట్లో నిలబడ్డారు. జెర్సీలు కొనిచ్చి, వాళ్లతో పాటు కొట్టుకి వచ్చింది ఆ ఊరాయనే, రావులపాలెంలో అరటికాయల వ్యాపారం చేసే పెద్దమనిషి. మా వైపు గుడికి ఫ్యాను ఇచ్చినా దాని రెక్కల మీద ఇంటి పెద్దల పేరు ఉండాల్సిందే. తిరిగేటప్పుడు ఎలా చదువుతారని ఎవరూ అడగరు. ఈయన కూడా ‘కీర్తిశేషులు’ దగ్గర్నుంచి ‘గారి జ్ఞాపకార్థం’ దాకా వాళ్ల నాన్నగారి పేరు వీపు నిండా వెయ్యమన్నారు. ఇక నంబరుకి చోటేదీ?

“వెనక నంబరు పెద్దగా లేకపోతే కోర్టులోకి రానివ్వరండి,” అన్నారు పిల్లల్ని తీసుకొచ్చిన పీఈటీ మేడమ్.

“అయితే నా జెర్సీలు నాకిచ్చెయ్యండి,” అని ఆయన కట్టంతా చంకలో పెట్టుకున్నారు.

బయట వ్యాను హారను, లోపల కాగిపోయిన మెషీను కీచు. కెప్టెను పిల్ల, ఏడో నంబరు తనదే, ఆయన చంకలోని కట్టనే చూస్తోంది. నాకు ఆయన మీద ఒళ్లు మంట. పిన్ని మాత్రం తాపీగా చెయ్యి చాచింది.

“నాన్నగారి పేరు వీపు మీదెందుకండీ? గుండె మీద ఉండాలి గానీ.”

ఆయన కట్ట బల్ల మీద పెట్టి, “ఊడిపోదు కదమ్మా?” అన్నారు.

“గుడ్డ ఉన్నన్నాళ్లూ ఉంటుందండి.”

ముందుగా ఏడో నంబరు జెర్సీ తయారైంది. మెషీను కింద నుంచి తీశామో లేదో, ఆయన వాళ్ల నాన్నగారి పేరు మీద అరచెయ్యి వేసి అలాగే నిలబడిపోయారు. కాలుతున్నా తియ్యలేదు. చల్లారేదాకా ముట్టుకోవద్దని పిన్ని ఆయనకి చెప్పలేదు. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు. పిల్లలు వేళకి చేరి ఆడారు. ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి.

మొన్న మెకానిక్ ఆ గుడ్డని తిరగేసి పిండాడు. ముందువైపు పైన ‘కీర్తిశేషులు’, కింద ‘గారి జ్ఞాపకార్థం’ చెక్కుచెదరలేదు. మధ్యలో, ఆయన చెయ్యి వేసిన చోట, జిగురు మరక తప్ప ఏమీ లేదు. పేరేమిటో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు. ఇన్నేళ్లలో ఆ పేరు ఎక్కడో జారిపోయింది గానీ, దాని మీద ఆయన చెయ్యి మాత్రం నాలో అలాగే ఉండిపోయింది.