అందరి ముందరా కంచం ఉంటేనే

సుంకలమ్మకు నోరు పెద్దది. ఆమె ఉప్పిట్టు గంగాళం దగ్గర నిలబడి కేకేస్తే హగరి ఏటి అవతలి గట్టున మేసే బర్రెలు కూడా తలెత్తేవని బడిపిల్లలు చెప్పుకొనేవారు. డెబ్బై తొమ్మిదిలో ఆ ఏటి ఒడ్డు ఊరి ప్రాథమిక పాఠశాలలో, సర్కారు పంపిన పచ్చటి ఉప్మారవతో మధ్యాహ్నం ఉప్పిట్టు వండి నలభై ముగ్గురు పిల్లలకు పెట్టడం ఆమె పని. చదువు రాదు. చేతి అంచనా మాత్రం తప్పేది కాదు. అందరికీ తలా ఒక గరిటె పడ్డాక గంగాళంలో మిగిలేది అడుగు మాడే.

ఆ శ్రావణంలో వరుసగా నాలుగు రోజులు ఒక గరిటె ఉప్పిట్టు మిగిలింది. ఇంకాస్త వెయ్యమనేవాళ్ళే గాని వద్దనేవాళ్ళు ఆ బడిలో ఎవరున్నారు! ఐదో రోజు ఆమె వరుస చివరిదాకా కళ్ళు పెట్టి చూసింది. గోడవారన ఒక పిల్ల కంచం లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాలువ కింద వరి సాగు చేసుకుందామని వచ్చి, ఊరి పక్క క్యాంపులో స్థిరపడ్డ గుంటూరు జిల్లా రైతు బసవపున్నయ్య కూతురు నాంచారమ్మ. రెండో తరగతి. నాయనమ్మ పేరు పెట్టారు గాని పిల్ల గుప్పెడంత.

"ఏం పాపా, తట్టె యాడ?"

"ఆకలి లేదండి. అమ్మ అన్నం పెట్టిందండి."

"అండి, అండి" అని వెనక ఎవరో వెక్కిరించారు. వరుసంతా నవ్వింది.

కంచం వంటపాక కప్పు మీద దొరికింది. దాచింది నాలుగో తరగతి పక్కీరప్ప అని వాడి దొంగచూపులే పట్టిచ్చాయి. సుంకలమ్మకు ఒళ్ళు మండింది. వాడి చెవి పట్టుకుని బడి చుట్టూ తిప్పి, నాంచారమ్మకు గరిటె నిండుగా వేసి, "ఈ పాప నా బిడ్డ. ఎవుడన్నా ముట్టుకుంటే చూస్కోండి!" అని చాటింది.

అదే తప్పయింది. మరునాటి నుంచి ఆ పిల్లకు "సుంకలమ్మ బిడ్డ" అనే పేరొకటి అంటుకుంది. కంచంతో పాటు చెప్పులు కూడా మాయమయ్యేవి. వారం తిరక్కుండానే బసవపున్నయ్య హెడ్‌మాస్టరు శంకరనారాయణ దగ్గరికి వచ్చాడు.

"బడి అంటేనే పిల్ల వణికిపోతుందండి మేష్టారూ. మా అమ్మ దగ్గరికి రేపల్లె పంపేస్తాను. సోమవారం టీసీ ఇప్పించండి."

గుమ్మంలో నిలబడ్డ సుంకలమ్మ మనసు చివుక్కుమంది. ఆమెకు ఏడేళ్ళప్పుడు ఎవరో పలక దాచేశారు. బడిలో అందరూ చూశారు, ఒక్కరూ చెప్పలేదు. ఏడుస్తూ ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ బడి ముఖం చూడలేదు. దాచినవాడెవడో ఆమెకు తెలియనే లేదు గాని, చూసి ఊరకున్న ముఖాలు ఇప్పటికీ గుర్తే.

"అప్పా, సోమవారం దంకా పాపను పంపు. అప్పుడూ ఇట్లే ఉంటే నేనే బస్సెక్కిస్తా" అంది. ఆయన వెళ్ళాక హెడ్‌మాస్టరుతో, "సార్, ఏడిపిచ్చేటోడు ఒక్కడు. చూస్తాండేటోళ్ళు నలభై మంది. నాకు వాళ్ళతో పనుండాది" అంది.

"ఏమన్నా చెయ్యి, చెవులు మాత్రం మెలిపెట్టకు తల్లీ" అన్నాడాయన.

మరునాడు కంచం మళ్ళీ లేదు. సుంకలమ్మ అందరికీ వడ్డించి, గరిటె గంగాళం మీద అడ్డంగా పెట్టింది.

"అందరి ముందరా తట్టె ఉంటేనే తినల్ల. ఒక్కరికి లేకున్నా ఎవురూ చెయ్యి పెట్టొద్దు."

వేడి ఉప్పిట్టు, పోపు ఘుమఘుమ. ఒకడు గుటకలు మింగాడు. ఇంకొకడు వేలు పెట్టబోయి, ఆమె కళ్ళు చూసి జుట్టు గోక్కున్నాడు. పక్కీరప్ప పైకప్పు వాసాలు లెక్కపెడుతున్నాడు. చివరికి ఒకటో తరగతి పుష్పావతికి ఆకలి ఆగలేదు.

"బోరింగు ఎనక ఉండాది! పక్కీరప్పన్న పెట్టినాడు!"

"అవును, నేనూ చూసినా."

"నేనూ!"

వరుసకు వరుసే గొంతెత్తింది. పక్కీరప్ప ముఖం మాడ్చుకుని లేచాడు. కంచం తెచ్చి, బోరింగు కింద కడిగి, నాంచారమ్మ ముందు పెట్టాడు. ఈసారి సుంకలమ్మ వాడి చెవి ముట్టుకోలేదు. అందరూ తిన్నాక పక్కన కూర్చోబెట్టుకుని, ఎందుకు చేస్తాండావురా అని అడిగింది.

"మా చేను క్యాంపోళ్ళు లాక్కునిరని మా నాయిన దినామూ అంటాడు."

"లాక్కునింది ఈ పాపేనా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆ సాయంత్రం హెడ్‌మాస్టరు పక్కీరప్ప నాయిన దగ్గరికి వెళ్ళి మాట్లాడి వచ్చాడు.

సోమవారం వచ్చింది, పోయింది. టీసీ మాట ఎవరూ ఎత్తలేదు.

దసరా సెలవుల ముందు రోజు సుంకలమ్మ వడ్డన ముగించి చూస్తే ఒక్కరూ తినడం లేదు. వరుసంతా వెతికింది. అందరి ముందరా కంచాలున్నాయి.

"ఏంది? తినండి!"

నాంచారమ్మ లేచి నిలబడింది.

"నీ ముందర తట్టె లేదు కదా పెద్దమ్మా. ఒక్కరికి లేకున్నా ఎవురూ తినొద్దంటివి."

ఇన్నేళ్ళూ ఆమె అందరూ లేచాక, నిలబడే అడుగు గీక్కుని తినేది. పక్కీరప్ప హెడ్‌మాస్టరు టిఫిన్ డబ్బా మూత అడిగి తెచ్చి, అందరి కంచాల్లోంచీ తలా కాస్త తీసి అందులో నిండుగా వేశాడు. నాంచారమ్మ జరిగి చోటిచ్చింది. సుంకలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, పిల్లల వరుసలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఇంక తినండి!" అని నాంచారమ్మ కేకేసింది.