మూడుసార్లు మిగిలిన ఇరవై మూడు జీబీ

ఆ శనివారం ఉదయం పదకొండింటికి పద్మారావు నగర్‌లోని మా ఇంటి ముందుగదిలో ఉన్నవి: నేను, మా అమ్మ, నా స్నేహితుడు ప్రవీణ్, మా నాన్న వాడిన డెస్క్‌టాప్ కంప్యూటర్, లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్, ఒక బయటి హార్డ్ డిస్క్, నా రూళ్ళ నోట్‌బుక్. కిటికీలు తెరిచే ఉన్నాయి. కరెంటు పోలేదు.

దయ్యాలను నేను నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడూ నమ్మడం లేదు. ముందే చెప్పకపోతే, కింది సంగతి చదివి నన్ను తమ జట్టులో కలుపుకునేవాళ్ళు ఉంటారు.

పని చిన్నది. కొత్త ఉద్యోగానికి నాకు విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్, లినక్స్ కావాలి. విండోస్ తీసేయడానికి అమ్మ ఒప్పుకోదు. నాన్న పాడిన పాటలు ఆమె వినేది అందులోనే. ఆయన మా చర్చి గాయకబృందానికి పాటలు నేర్పేవారు. హార్మోనియం వాయిస్తూ పాడి, రికార్డు చేసి ఈ కంప్యూటర్‌లో దాచేవారు. ఆయన పోయి రెండేళ్ళు. ఆదివారం చర్చికి బయలుదేరే ముందు అమ్మ ఒక పాట వింటుంది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

అందుకని ఒకే డిస్క్‌లో రెండూ పెట్టాలనుకున్నాను. డిస్క్‌లో సి, డి అని రెండు భాగాలున్నాయి. విండోస్ ఉన్న సి జోలికి పోను. కావలసినవి బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, డి భాగాన్ని తీసేసి, ఆ జాగాను లినక్స్‌కు మూడుగా పంచుతాను. సిస్టమ్‌కు అరవై జీబీ, మెమరీ చాలనప్పుడు వాడుకునే స్వాప్‌కు ఎనిమిది, మిగతాదంతా నా ఫైళ్ళకు. 'ఖాళీ: సున్నా' అని నోట్‌బుక్‌లో రాసి కింద గీత గీశాను. కాపీ చేయవలసినవి పద్నాలుగు. పద్నాలుగింటికీ టిక్ పెట్టాను.

పని పూర్తయ్యాక తెర మీద పట్టిక వచ్చింది. సిస్టమ్ అరవై. స్వాప్ ఎనిమిది. ఆ తరువాత తెల్లగా, దేనికీ చెందని ఇరవై మూడు జీబీ. ఆ తరువాతే నా ఫైళ్ళ భాగం.

"ఏంది భాయ్, ఇంజనీర్ సాబ్, కూడుడు మర్చిపోయినవా?" అన్నాడు ప్రవీణ్. నన్ను ఏడిపించడానికే బోయిగూడ నుంచి వస్తాడు వాడు.

మూడు భాగాలూ తీసేసి మళ్ళీ చేశాను. జీబీని వెయ్యి ఎంబీలనీ, వెయ్యీ ఇరవై నాలుగనీ రెండు రకాలుగా లెక్కగట్టడం వల్ల తేడా వచ్చిందేమోనని ఈసారి అంకెలు ఎంబీల్లో ఇచ్చాను. అదే చోట ఇరవై మూడు. మూడోసారి నేను అంకెలు చదువుతుంటే ప్రవీణ్ టైపు చేశాడు. అదే చోట. అంతే.

అమ్మ చాయ్ తెచ్చి తెర వైపు చూసింది. "నడుమ గా తెల్లది ఏందిరా?"

"ఖాళీ అమ్మా. ఎందుకు మిగులుతుందో సమజ్ అయితలేదు."

"మిగలనియ్. మీ డాడీ సుత గిట్లనే ఇడుస్తుండె."

మేడ మీద ప్రార్థన కూడిక పెట్టినప్పుడల్లా రెజిమెంటల్ బజార్ నుంచి కుర్చీలు తెప్పించి నాన్నే వరసలు వేసేవారు. ఎంతమంది వచ్చినా, రెండు వరసల తరువాత ఒక వరస ఖాళీగా ఉంచేవారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు వెనక నిలబడకూడదని.

"అమ్మా, ఇది డిస్క్. కుర్చీలు కాదు."

"అయితే ఏంది? జాగా జాగానే."

నాకు కోపం వచ్చింది. నాలుగోసారి చేయబోయాను. "ఇరవై మూడు జీబీ కోసం జాన్ తీస్తున్నవ్ రా! ఆకలైతుంది, లే!" అని ప్రవీణ్ నా కుర్చీ వెనక్కి లాగాడు. అలాగే వదిలేసి లినక్స్ ఎక్కించాను. సాయంత్రానికి ఉద్యోగానికి కావలసినవన్నీ పెట్టి నా ఫైళ్ళ భాగాన్ని అంచుదాకా నింపేశాను.

ఆదివారం ఉదయం అమ్మ బైబిల్ సంచిలో పెట్టుకుని వచ్చి కూర్చుంది. "పెట్టురా చిన్నోడా."

విండోస్ తెరిచి 'పాటలు' మీద నొక్కాను. తెరుచుకోలేదు. బయటి డిస్క్ తగిలించాను. అందులోదీ తెరుచుకోలేదు. అప్పుడు దాని సైజు చూశాను. ఒక్క కేబీ. డెస్క్‌టాప్ మీద కనిపించేది పాటల ఫోల్డర్ కాదు, దానికి దారి చూపే షార్ట్‌కట్. అసలు ఫోల్డర్ నేను తీసేసిన డి లో ఉండేది. నేను షార్ట్‌కట్‌ను కాపీ చేసి టిక్ పెట్టాను. జాబితాలో తొమ్మిదోది.

చెప్పాను. అమ్మ సంచిలోంచి బైబిల్ తీసి బల్ల మీద పెట్టింది. ఆ రోజు చర్చికి వెళ్ళలేదు.

తీసేసిన ఫైళ్ళు, వాటి మీద కొత్తవి రాసేదాకా డిస్క్‌లోనే ఉంటాయి. చెరిగిన ఫైళ్ళను వెతికే ప్రోగ్రామ్‌తో డిస్క్ అంతా వెతికించాను. నేను నింపిన చోట పాత డి తాలూకు ముక్కలు కూడా దాదాపు మిగలలేదు. నడుమ ఖాళీలో మాత్రం నూట పద్దెనిమిది రికార్డింగులు దొరికాయి. అన్నీ మొదటి నుంచి చివరి దాకా వినిపించాయి. నాన్న పాటల పుస్తకం చివరి పేజీలో రాసుకున్న సంఖ్య కూడా నూట పద్దెనిమిదే.

అమ్మ మూడు పాటలు విన్నాక అంది: "నేను చెప్పలే?"

నేను ఒప్పుకోలేదు. చర్చివాళ్ళు, అందరి ముందు లేచి ఇది దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పనన్నాను. ఆ ఖాళీ ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను చెప్పగలిగింది అంతే. అంతకు మించి ఎవరు చెప్పమన్నా చెప్పను.

పాటలను మూడు చోట్ల దాచి, ఒక్కొక్కటీ తెరిచి విన్నాను. తరువాత ఒక శనివారం పదకొండింటికి లినక్స్ భాగాలన్నీ తీసేసి, అదే డిస్క్, అదే పెన్‌డ్రైవ్, అవే అంకెలతో మళ్ళీ పంచాను. ప్రవీణ్ పక్కనే ఉన్నాడు. పన్నెండుసార్లు చేశాను.

మిగిలిన ఖాళీ: సున్నా.