మూడు ఊళ్ళు, మూడు హార్మోనియాలు, ఒక ఫారం

నన్నే ఎందుకు పంపారో ముందే చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్ళు సంగీతం టీచరుగా చేసి రిటైరయ్యాను, హార్మోనియం గురించి నాలుగు ముక్కలు తెలుసు అని కాదు. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అని. మా దాతల సంఘం కార్యదర్శి ఆ మాట దాచలేదు కూడా. "మీరైతే ఖర్చు లేదు మేడమ్, ఆధార్ కార్డొక్కటి పెట్టుకోండి" అన్నారు.

సంఘం పోయినేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బడికొకటి చొప్పున హార్మోనియాలు ఇచ్చింది. అవెలా ఉన్నాయో చూసి ఫారం నింపాలి. ఫారంలో మూడే ప్రశ్నలు: వాయిద్యం మోగుతోందా, దాత పేరు కనిపిస్తోందా, ఫోటో జతచేశారా. పిల్లలకు పాట వచ్చిందా అని ఎక్కడా లేదు. మోగని వాయిద్యాన్ని వెనక్కి తీసుకుని ఇంకో బడికి ఇస్తామని కింద రూలు మాత్రం ఉంది.

ఉదయం ఆరుంబావుకు ఎల్బీనగర్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. జీరో టికెట్ వెంటనే దొరికింది, సీటు మాత్రం సగమే దొరికింది. మిగతా సగం నడిగూడెం వెళ్ళే ఒక పెద్దావిడది. ఎక్కడికని అడిగితే చెప్పాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

"ఇనేదాన్ని సూసుడేందమ్మా? గంత దూరం పోయి ఫోటో దిగొస్తవా?"

నేను నార్కట్‌పల్లి దాకా కిటికీలోంచి చూశాను.

తొమ్మిదికి సూర్యాపేటలో దిగాను. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. ఇటు వచ్చేవాళ్ళకు ఒక సలహా, చట్నీ రెండోసారి అడగండి, వేస్తారు. బడిలో హెడ్మాస్టరు గారు చెప్పులు విడిచి మరీ బీరువా తాళం తీశారు. లోపల హార్మోనియం మీద శాలువా, శాలువా కింద కంపెనీ ప్లాస్టిక్ కవరు, కవరు మీద పసుపు, కుంకుమ బొట్లు, ఎండిన బంతిపూల దండ. కొత్త వస్తువు కవరు తీస్తే పాతదైపోతుందని మనవాళ్ళకు మహా బెంగ కదా.

"దసరాకు దసరాకు తీసి పూజ జేస్తం మేడమ్. పోరగాళ్ళ చేతికిస్తే ఆగమైతది" అన్నారు.

ఫోటో కోసం పదిమంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టారు. కవరు తీయలేదు. ఒకమ్మాయి వేళ్ళు మెట్లకు బెత్తెడు ఎత్తున గాల్లో పెట్టింది. పక్క గదిలో పరీక్ష నడుస్తోంది. సారు మెల్లగా ఆజ్ఞ ఇచ్చారు: "నోర్లు తెరువుండ్రి. పాడకుండ్రి."

పిల్లలు చక్కగా నోళ్ళు తెరిచారు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

పదిన్నర బస్సుకు బయల్దేరి పదకొండూ ముప్పావుకు కోదాడ చేరాను. ఇక్కడి హార్మోనియం ఆఫీసు గదిలో అద్దాల పెట్టెలో ఉంది. అద్దం మీద దాత పేరు, దాత తండ్రి పేరు, తాత పేరు. ముత్తాతకు చోటు చాల్లేదు. సంగీతం చెప్పే మాస్టారు కుర్రవాడు, ఉత్సాహవంతుడు. బోర్డు మీద సుద్దతో హార్మోనియం బొమ్మ గీసి పాఠం చెబుతాడు. పిల్లలు బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ నేర్చుకుంటారు.

"హార్మోనియంలో భాగాలు ఎన్ని?" అని అడిగాడు. క్లాసంతా ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మరి దాని చప్పుడు ఎలా ఉంటుంది?" అని నేనడిగాను. ఎవరూ చెయ్యెత్తలేదు.

"థియరీ మొత్తం అయిపోయిందండీ" అన్నాడు మాస్టారు. "తాళంచెవి పెద్దసారు దగ్గరుంటది. వాడితే పాడవుద్దేమోనని ఆయన భయం."

నాకు ఒళ్ళు మండింది. అయినా వాళ్ళు పెట్టిన పప్పన్నం తిన్నాను. ఆకలి కోపం కన్నా పెద్దది.

ఒంటిగంటకు పల్లెవెలుగు ఎక్కి, హుజూర్‌నగర్ మీదుగా కుదుపులు తిని, రెండున్నర దాటాక మిర్యాలగూడలో దిగాను. ఊరంతా రైస్‌మిల్లుల ఊక వాసన. బడి గేటు దగ్గరే హార్మోనియం వినిపించింది. నేను వరండా ఎక్కగానే ఆగిపోయింది. టీచరు విజయ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"హార్మోనియం రిపేరుకు పోయింది మేడమ్."

ఆమె వెనక బల్ల మీద అది కనిపిస్తూనే ఉంది. విజయ తల దించుకుని పక్కకు జరిగింది. తిత్తికి సైకిల్ ట్యూబు ముక్క అతికి ఉంది. విరిగిన రెండు మెట్ల మీద ఐస్‌క్రీం పుల్లలు అతికించి ఉన్నాయి. మూత మీద దాత పేరు పిల్లల మోచేతులకు అరిగి, ఒక్క 'శ్రీ' మిగిలింది.

"పంచరు షాపాయనతోని అతికిచ్చిన. ఒక మెట్టు మొత్తానికే పోయింది. ఖరాబైందని రాయకుండ్రి మేడమ్. ఇది తీస్కపోతే మా పిల్లలకు ఇగ పాట ఖతం."

వాయించమన్నాను. నిడమనూరు పక్క తండా నుంచి వచ్చి హాస్టల్లో చదువుతున్న అనిత కూర్చుంది. నాట్లేసేటప్పుడు వాళ్ళ నానమ్మ పాడే పాటట, తనే మెట్ల మీద వెతికి పట్టుకుంది. చచ్చిపోయిన మెట్టు ధైవతం. ఆ స్వరం రాగానే అనిత వేలు ఎత్తింది, క్లాసంతా ఆ ఒక్క స్వరాన్ని గొంతుతో అందించింది. మళ్ళీ వేళ్ళు, మళ్ళీ గొంతులు. శ్రుతి ఎక్కడా జారలేదు. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్క క్లాసు చేత కూడా ఇలా పాడించలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, అసూయ కూడా వేసింది.

"ఏం రాస్తరు మేడమ్?" అని విజయ గేటు దాకా వచ్చి అడిగింది.

"విన్నదే రాస్తాను" అన్నాను. ఆమెకు ధైర్యం చిక్కినట్టు లేదు.

సాయంత్రం బండిలో కిటికీ సీటు దొరికింది. రైల్లో మాకు జీరో టికెట్ లేదు, డబ్బిచ్చి కొన్నాను. నల్గొండ రాకముందే ఫారం నింపి, ఫోటో తీసి పంపాను. అయిదు నిమిషాల్లో కార్యదర్శి ఫోన్.

"ఇదేంటి మేడమ్? సూర్యాపేటది మోగడం లేదు, కోదాడది మోగడం లేదు అని రాశారు. కొత్తవి కదా, ఎట్ల చెడిపోయినయి?"

"వాడక, సార్."

పక్క సీటాయన పల్లీలు ఒలవడం ఆపి నా వైపు చూస్తున్నాడు.

"మిర్యాలగూడల దాత పేరు కనిపిస్తలేదని రాసినరు?"

"అవును సార్. అక్కడ మోగుతోంది. మోగని రెండూ ఆ బడికి పంపండి, రూలు మీదే కదా. రెండేళ్ళలో వాటి మీద కూడా దాత పేరు లేకుండా చేస్తారు ఆ పిల్లలు. హామీ నాది."